ఒద్దంటినా నేను

మౌలాలి,
సోమవారం, 11 జనవరి 1988

అక్కకు,

ఇక్కడ మేమిద్దరం కులాసా. నీ గొంతు నొప్పి తగ్గిందా? పిల్లల మీద అరవకుండా పాఠం చెప్పలేవా అని అడగాలనుంది గానీ, నన్ను పెంచిన గొంతు అది, నాకు తెలుసు.

అసలు సంగతికి వస్తాను. పోయిన అక్టోబరులో నారాయణగూడలో ఒక చిన్న స్టూడియోలో మా పాటలు ఆరు రికార్డు చేశామని రాశాను కదా. ఆ క్యాసెట్ బయటికొచ్చింది. రేడియోలో ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ‘పన్నెండు మెట్లు’ అని ఒక కార్యక్రమం వస్తుంది. శ్రోతలు పంపిన కార్డులు లెక్కపెట్టి, ఎక్కువ మంది కోరిన పన్నెండు పాటలను వరసగా వేస్తారు. నిన్న మన పాట ‘ఒద్దంటినా నేను’ పదకొండో మెట్టు మీద ఉంది అక్కా! సినిమా పాట కాని పాట అందులోకి రావడం ఇదే మొదటిసారని అనౌన్సరు రెండుసార్లు చెప్పాడు. నీ మరదలు ప్రేమమణి రేడియో దగ్గర కూర్చుండిపోయి అన్నం మాడబెట్టింది. ఇద్దరం ఆ మాడన్నమే తిన్నాం.

పక్క క్వార్టరు ఆలిస్ ఆంటీ రికార్డు ప్లేయర్ గుర్తుందా? అమెరికా పల్లెటూళ్ళ పాటలు వేసేది. రైళ్ళు, గుర్రాలు, వదిలేసి వెళ్ళిన ప్రియురాళ్ళు. ‘కంట్రీ’ అనేది. మా పాటలో గిటారు అదే పోకడ, మాటలు మాత్రం అచ్చం మన మౌలాలివి. నిన్న ఆంటీ గోడ మీంచి కేకేసింది: “ఏం మ్యాన్ దేవా, తెలుగులో కూడా ఇంత బాగా ఏడుస్తారా?”

గూడ్స్ ఆఫీసులో ఇవాళ నన్ను కుర్చీలో కూర్చోనివ్వలేదు. ప్రతివాడూ పాడమనడమే. విజయవాడ రేడియో స్టేషను నుంచి కూడా ఈ కార్యక్రమం వస్తుందట. వచ్చే ఆదివారం తప్పక విను. ఎలా ఉందో వెంటనే రాయి.

నీ తమ్ముడు,
దేవానందం


చీరాల,
బుధవారం, 20 జనవరి 1988

దేవాకు,

నిన్నూ ప్రేమమణినీ దేవుడు చల్లగా చూడాలి. నా గొంతు బాగుంది.

ఆదివారం పాట విన్నాను. హాస్టల్ పిల్లలు నలభై మంది నా గదిలోనూ వరండాలోనూ కూర్చుని విన్నారు. ఏడో మెట్టు అని చెప్పగానే కేకలు పెట్టారు. “మా టీచరుగారి తమ్ముడు” అని వంటమనిషి దగ్గర్నుంచి అందరికీ చెప్పుకున్నారు. నీ గొంతు నాన్న గొంతులా తయారైంది. నువ్వు పాడుతున్నావని తెలియకపోతే ఆయనే పాడుతున్నారనుకునేదాన్ని.

మొదటి చరణం అయ్యాక నేను లేచి బయటికి వెళ్ళాను.

ఆ పాట ఎవరు రాశారు? క్యాసెట్ అట్ట మీద రచన కూడా నీదేనని ఉందని ఒక అమ్మాయి చెప్పింది. ఇలాంటి పాట నువ్వు పాడకుండా ఉండవలసింది. ఇంతకన్నా ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు.

పరీక్ష పేపర్లు దిద్దాలి. ఉంటాను.

కాంతమణి


మౌలాలి,
గురువారం, 28 జనవరి 1988

అక్కకు,

నీ ఉత్తరం చూసి మూడు రోజులు అన్నం సయించలేదు. నీ కోపం దేనికో నాకు అర్థమైంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, గుడిలో కీర్తనలు పాడిన గొంతుతో లోకం పాటలు పాడుతున్నానని కదా?

అక్కా, నేను క్వయర్ మానలేదు. ప్రతి ఆదివారం ముందు వరసలోనే నిలబడుతున్నాను. కార్యక్రమం తొమ్మిదింటికి, ఆరాధన పదింటికి, కాబట్టి ఏ చిక్కూ లేదు. మా పాస్టరు ధర్మరాజు అయ్యగారే మొన్న నన్ను పక్కకు పిలిచి, “ఆ బాణీ బాగుందోయ్, దానికి మంచి మాటలు పెడితే ఈస్టరుకు పాడుకోవచ్చు” అన్నారు. ఆయనకు లేని అభ్యంతరం నీకెందుకు? ఒక మగవాడు ఒక ఆడమనిషి కోసం ఎదురుచూశానని పాడితే అది పాపమా?

రచన నాదే. ఎవరు రాశారని ఎందుకు అడిగావో తెలియలేదు. నాకు నాలుగు మాటలు కూర్చడం రాదనుకున్నావా?

మొన్న ఆదివారం నాలుగో మెట్టు. మోండా మార్కెట్‌లో కూరగాయల వాళ్ళు కూడా పాడుతున్నారు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మార్చి నెలాఖరుకు కచేరీ పెట్టమంటున్నారు. నువ్వు కూడా సంతోషపడితే నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ప్రేమమణి నీకు నిమ్మకాయ పచ్చడి పంపుతానంటోంది. వచ్చేపోయే వాళ్ళుంటే రాయి.

దేవానందం


చీరాల,
శుక్రవారం, 5 ఫిబ్రవరి 1988

దేవా,

పాపపుణ్యాల గురించి నేను అడగలేదు. నీ పాటలో మాటలు నీకే రాసి పంపుతున్నాను, చదువుకో.

రైలొచ్చి పాయెనే, నువ్వెక్కి పోతివే,
నాలుగింటి ఎండల నన్నిడిసి పోతివే,
ఒక్కసారన్న అడిగినవా,
ఒద్దంటినా నేను, ఒద్దంటినా?

మౌలాలి స్టేషను. నాలుగు గంటల బండి. రెండో చరణంలో నీలం అంచు చీర. మూడో చరణంలో చాక్‌పీసు అంటిన వేళ్ళు. ఇవన్నీ ఎవరివో నీకు తెలుసు. నాకు తెలుసు. ఇంకొకరికి తెలుసు.

పదకొండేళ్ళ కిందట నువ్వు తెచ్చిన కబురు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “మధన్న నిన్ను ఎదురుచూడొద్దన్నాడక్కా, వాళ్ళమ్మ క్రైస్తవుల పిల్లను ఒప్పుకోదట” అన్నావు. ఆ వారమే నేను చీరాల ఉద్యోగానికి ఒప్పుకున్నాను. ఆ సంగతి ఈ లోకంలో నీకొక్కడికే చెప్పుకున్నాను. నువ్వు దాన్ని తిరగేసి పాట చేశావు. ఆయన వద్దంటే, ఆయన చేత “ఒద్దంటినా” అని ఏడిపించి, నన్ను చెప్పకుండా పారిపోయినదాన్ని చేశావు. ఇప్పుడది రాష్ట్రమంతా పాడుతోంది. మా పిల్లలు స్నానాల దగ్గర పాడుతున్నారు, నాకు తెలియకుండా కార్డులు కొని రేడియోకు పంపుతున్నారు. “ఆ అమ్మాయి ఎంత రాతి గుండెది టీచర్?” అని ఒకతె నన్నే అడిగింది.

నిన్ను నేను కొట్టి పెంచలేదు. ఎక్కడ పొరపాటు చేశానో తెలియడం లేదు.

కాంతమణి


మౌలాలి,
సోమవారం, 15 ఫిబ్రవరి 1988

అక్కా,

నీ ఉత్తరం ప్రేమమణికి చూపించలేదు. పోయిన ఉత్తరంలో నేను అబద్ధం రాశాను. ఆ పాట నాది కాదు. బాణీ నాది, గొంతు నాది. మాటలన్నీ మధన్నవి.

నీకు రాయలేదు గానీ, మేమిద్దరం ఇన్నేళ్ళూ కలిసే గిటారు వాయించుకుంటున్నాం. ఆయన ఇప్పటికీ సిగ్నల్ వర్క్‌షాపులోనే పనిచేస్తున్నాడు, బోయిగూడలో వాళ్ళమ్మతో ఉంటున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. రెండేళ్ళ కిందట ఒకరోజు వర్క్‌షాపు ఓవర్‌టైము రసీదు వెనక రాసిన ఈ చరణాలు నా చేతిలో పెట్టాడు. పేరు వేద్దామంటే, “ఒద్దురా. నా పేరుంటే ఆమె పేరు సుత బయటపడ్తది. నీ పేరే పెట్టుకో” అన్నాడు. నీ పరువు కోసమే అలా చేశాడు. నేనేదీ బయటపెట్టలేదు, నమ్ము.

నిన్న మన పాట మొదటి మెట్టు ఎక్కింది. ఆలిస్ ఆంటీ కేకు చేసి పంపింది. కాలనీ వాళ్ళు నా మెడలో దండ వేశారు. వాళ్ళు వెళ్ళకముందే ఆ దండ తీసేశాను. ఎందుకో రాయలేను.

దేవా


చీరాల,
బుధవారం, 24 ఫిబ్రవరి 1988

దేవా,

పదకొండేళ్ళలో నీ ఉత్తరాల్లో ఒక్కసారి కూడా ఆయన పేరు లేదు. వారం వారం కలిసి వాయించుకుంటూ ఉండి కూడా రాయలేదు. నేను నొచ్చుకుంటానని దాచావనుకుంటాను. సరే.

కానీ ఆయన చేసిన పని నాకు అంతకన్నా కష్టంగా ఉంది. మనసు లేకపోతే లేదు. ఎవరి మీదా బలవంతం లేదు. వద్దన్న మనిషి పదకొండేళ్ళ తర్వాత “ఒద్దంటినా” అని రాసి, నలుగురి చేతా కన్నీళ్ళు పెట్టించడం ఏమిటి? నాన్న భూస్థాపన రోజున సమాధుల తోట గేటు దగ్గర ఆయన నిలబడి ఉంటే నేను మొహం తిప్పుకున్నాను. ఆనాడు పలకరించకపోవడమే మంచిదైంది అనుకుంటున్నాను.

దీంతోపాటు అంటించిన కవరు ఒకటి పెట్టాను. అది ఆయనకు. నా ప్రశ్న అందులో సూటిగా అడిగాను. నువ్వు విప్పకు. ఆయన చేతిలోనే పెట్టు. జవాబు ఆయననే పోస్టులో పంపమను, నీతో చెప్పి పంపవద్దను. నీ మీద అనుమానంతో కాదు, ఈ వయసులో మా మధ్య మాటలు మోసే పని నీకు పెట్టడం బాగుండదని.

పచ్చడి అందింది. ఉప్పు సరిపోయిందని ప్రేమమణికి చెప్పు.

అక్క


మౌలాలి,
సోమవారం, 7 మార్చి 1988

అక్కా,

నీ కవరు నాలుగు రోజులు నా చొక్కా జేబులో ఉంది. చింపేయాలని రెండుసార్లు అనిపించింది. ఆ సంగతి కూడా నీకు తెలియాలి.

1977 జూన్‌లో నువ్వు నాకు చెప్పి పంపిన మాట ఇది: “శనివారం నాలుగింటికి స్టేషనులో ఉంటానని చెప్పు. వచ్చి నాన్నతో మాట్లాడతానంటే చీరాల ఉద్యోగం వదులుకుంటానని చెప్పు.” నేను ఆ మాట మధన్నకు చెప్పలేదు. ఆయన ఇంటిదాకా కూడా వెళ్ళలేదు. మౌలాలి గుట్ట మెట్ల మీద ఒక గంట కూర్చుని తిరిగొచ్చి, ఆయన వద్దన్నాడని నీకు చెప్పాను. నువ్వు వెళ్ళిపోయాక, “అక్క నాలుగింటి బండికి వెళ్ళిపోయింది, నీకు అడ్రసు ఇవ్వొద్దంది” అని ఆయనకు చెప్పాను.

నాన్న చెప్పమంటే చెప్పిన అబద్ధం కాదు. ఆయనకు ఏమీ తెలియదు. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టింది నువ్వు. నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే నాకెవరున్నారని భయమేసింది. నాలుగు రోజులు ఏడ్చి ఇంట్లోనే ఉండిపోతావనుకున్నాను. చీరాల వెళ్ళిపోతావని అనుకోలేదు. నువ్వు బండెక్కిన రోజు నేను స్టేషనుకు రాలేదు, గుర్తుందా? జ్వరమన్నాను. జ్వరం లేదు.

మొన్న శనివారం మధ్యాహ్నం బోయిగూడ వెళ్ళాను. మధన్న వాళ్ళమ్మ అనసూయమ్మగారు వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నారు. “పాటలాయన వచ్చిండు, చాయ్ పెడ్త కూసో” అని లోపలికి వెళ్ళారు. మధన్న నీ ఉత్తరం చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

“ఏందిరా ఇది? ‘మీరు వద్దన్నారు గనక’ అని రాసింది. నేనెప్పుడు ఒద్దన్న?”

చెప్పాను. నీకు పైన రాసినట్టే, ఏదీ దాచకుండా చెప్పాను.

“గప్పుడు నీకెన్నేండ్లు?” అన్నాడు.

“పంతొమ్మిది.”

“చిన్నోడివి, భయపడ్డవు. సరే. మరి ముప్పై వచ్చినంక సుత ఎందుకు చెప్పకపోతివి?”

ఆయన గిటారు వైపు చెయ్యి చూపించాడు.

“నా పక్కన కూసొని గిటార్ కొట్టినవు. నా పాట పాడినవు. పాడేటప్పుడు సుత నీకు ఎరుకేనా?”

ఎరుకే అన్నాను. ఆయన నన్ను కొట్టి ఉంటే బాగుండేది. గిటారు తీసి గోడకు తగిలించి, “ఇగ పో” అన్నాడు. అనసూయమ్మగారు చాయ్ తెచ్చేసరికి నేను వీధిలో ఉన్నాను.

పాట నిన్న నాలుగో వారం కూడా మొదటి మెట్టు మీదే ఉంది. విని రేడియో కట్టేశాను. ప్రేమమణికి అంతా చెప్పాను. ఆమె నాతో మాట్లాడటం లేదు.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు.

దేవానందం


చీరాల,
సోమవారం, 14 మార్చి 1988

దేవానందం,

ఉత్తరం అందింది. చదివాను.

కొన్నాళ్ళు నాకు రాయవద్దు.

కాంతమణి


మౌలాలి,
మంగళవారం, 5 ఏప్రిల్ 1988

అక్కా,

రాయవద్దన్నావు. అయినా రాస్తున్నాను, చదవకపోయినా ఫరవాలేదు. నీకు తెలియాల్సినవి రెండు మూడు ఉన్నాయి.

మధన్న వర్క్‌షాపుకు సెలవు పెట్టాడట. ఇంటికి వెళితే అనసూయమ్మగారు తలుపు సగమే తీసి, “నా కొడుకు ఊర్లె లేడు. ఉన్నా నీతోని మాట్లాడడు” అన్నారు. ఆమెకు తెలిసిపోయినట్టుంది. ఇన్‌స్టిట్యూట్ కచేరీ వద్దని చెప్పేశాను. గొంతు పాడైందన్నాను. ఈ అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదనుకుంటాను.

క్యాసెట్ కంపెనీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆ పాట రాసింది మధుసూదన్ అని చెప్పాను. కొత్తగా వేసే అట్టల మీద ఆయన పేరు వస్తుంది, నా పేరు పాడినవాడిగా మాత్రమే ఉంటుంది. ఆయనను అడగకుండా చేశాను. మళ్ళీ తప్పు చేశానేమో.

పాట రెండుకు దిగింది, నాలుగుకు దిగింది, తొమ్మిదికి దిగింది. మొన్న ఈస్టరు రోజున జాబితాలోనే లేదు. ఆలిస్ ఆంటీ మాత్రం, “డోంట్ వర్రీ మ్యాన్, మంచి పాటలన్నీ అంతే” అని నన్ను ఓదార్చింది. నేను అందుకు ఏడుస్తున్నానని అనుకుంది.

ప్రేమమణి ఈస్టరు నాడు మాట్లాడింది. “వదినగారు మిమ్మల్ని వదిలేసినా నేను వదలను గానీ, ఆమె వదిలేస్తే న్యాయమే” అంది.

ఆరోగ్యం చూసుకో.

దేవా


చీరాల,
మంగళవారం, 12 ఏప్రిల్ 1988

దేవాకు,

నువ్వు బతికున్నంత కాలం నీ మీద కోపం పోదనుకుని పోయిన నెల గడిపాను. బోర్డు మీద లెక్క రాస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఇరవై ఐదేళ్ళ మనిషిని ముప్పై ఆరేళ్ళ మనిషిని చేశావు నువ్వు, ఒక గంట గుట్ట మెట్ల మీద కూర్చుని. ఇది రాయకుండా మిగతాది రాస్తే అబద్ధమవుతుంది. కాబట్టి ముందు ఇది రాశాను.

మధుసూదన్ గారు శనివారం చీరాల వచ్చారు. మద్రాసు బండి దిగి తిన్నగా హాస్టలుకే వచ్చారు. ఆడపిల్లల హాస్టలు కనక ఎవరు వచ్చినా రిజిస్టరులో రాయాలి. పేరు, ఊరు, వచ్చిన వేళ, బంధుత్వం. బంధుత్వం దగ్గర పెన్ను పట్టుకుని ఆగిపోయి నన్ను చూసి, “ఏం రాయాలె?” అన్నారు. పదకొండేళ్ళ తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. “ప్రస్తుతానికి ఖాళీగా వదిలేయండి” అన్నాను. జుట్టు సగం నెరిసింది. గొంతు మారలేదు.

వరండాలో రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు. నేనే మొదలుపెట్టాను. “మీ అమ్మగారు ఒప్పుకోరన్న మాట ఆ రోజుల్లో నిజమేనా?” అన్నాను. “అమ్మను నేను అడగనే లేదు. నువ్వు పోయినంక ఏమని అడగాలె?” అన్నారు.

అప్పుడు నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. “చీరాల ఎంత దూరం? రైల్వేలో పనిచేసే మనిషి, పాసు ఉన్న మనిషి, ఒక్కసారి వచ్చి మొహం మీదే అడగలేకపోయారా?”

“నువ్వు అడ్రస్ ఇయ్యొద్దన్నవని చెప్పిండు.”

“ఎవరో చెబితే నమ్మేయడమేనా?”

“నువ్వు సుత నమ్మినవు గదా” అన్నారు.

ఆ మాటతో నాకొకటి తెలిసొచ్చింది, దేవా. నువ్వు చెప్పిన అబద్ధం ఆ ఒక్క శనివారానికి సరిపోయేది. మిగిలిన పదకొండేళ్ళూ మా ఇద్దరి పౌరుషమే నడిపింది. సమాధుల తోట గేటు దగ్గర నేను పది అడుగులు వేసి ఉంటే అయిపోయేది. ఆయన ఒక టికెట్టు కొని ఉంటే అయిపోయేది. నీ వంతు నీదే, దాన్ని తగ్గించడం లేదు. మా వంతు కూడా నీ నెత్తిన పెట్టడం న్యాయం కాదు, అంతే.

ఆయన సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు వాళ్ళమ్మగారి మాట చెప్పారు. “గా టీచరమ్మ కోసమేనా ఇన్నేండ్లు నన్ను పరేషాన్ జేసినవు? తోల్కరా, కోడలు జాకెట్‌కు కొలత తీస్కోవాలె” అన్నారట. నేను ఆలోచించుకుంటానని చెప్పలేదు. ఆలోచించే వేళ అయిపోయింది. సరేనన్నాను.

మా హెడ్‌మిస్ట్రెస్‌గారికి చెప్పాను. ఆమె సెలవుల తర్వాత సంగతి సెలవుల తర్వాత చూద్దామన్నారు. గుడిలో ఏమంటారో తెలియదు. నేను ప్రార్థన మానను, ఆయన మానమనరు. సికింద్రాబాద్ రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇస్తాం. నెల గడువు దాటాక పెళ్ళి, మే పదహారు, సోమవారం.

సాక్షులు ముగ్గురు కావాలట. అనసూయమ్మగారు వేలిముద్ర వేస్తామన్నారు. ఆలిస్ ఆంటీని నువ్వు అడుగు. మూడో సాక్షి నువ్వు. ఆ మాట అంటే ఆయన “వాడొద్దు” అన్నారు. “వాడిని పెంచింది నేను, వాడు లేకుండా నేను సంతకం పెట్టను” అన్నాను. “నీ ఇష్టం” అన్నారు. అట్ట మీద ఆయన పేరు వేయించిన సంగతి నీ ఉత్తరంలో చదివి చెప్పాను. దానికి కోప్పడలేదు.

ఆయన నిన్ను క్షమించారని చెప్పను. ఎప్పటికి క్షమిస్తారో కూడా తెలియదు. నా సంగతి అడిగితే, ఈ ఉత్తరం రాస్తున్నాను కదా.

ఆఫీసు పదిన్నరకు తెరుస్తారు. ప్రేమమణిని తీసుకుని పదింటికే వచ్చి బయట నిలబడు. ఆయన నిన్ను పలకరించకపోతే నొచ్చుకోకు. నేను పలకరిస్తాను.

అక్క